రెండు ఆకుపచ్చ పోగులు

చెప్పేది నేను, రాసేది నా మనవరాలు. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతవరకే. మొదటి మాటకే ఆమె పెన్ను ఆపింది.

"సాలోళ్ల బట్ట నీళ్లల్ల ఏస్తె జల్లెడైతదని అప్పట్ల అందరు అనేటోళ్లు" అని చెప్పాను నేను.

"అమ్మమ్మా, గది రాయద్దు. మనోళ్లు చదువుతరు."

"చదవనియ్యి. మనోళ్ల ముచ్చటే గద చెప్తున్న. పక్కోళ్లది గాదు. రాయి."

రాసింది. మూతి ముడుచుకుని రాసింది. ఆ ముడిచిన మూతి నాకు కొత్త కాదు. మా అన్నకు ఉండేది, మా కులపెద్దకు ఉండేది, ఒకప్పుడు నాకూ ఉండేది. మనవాళ్లను బయటివాళ్లు ఒక మాట అంటే మనిషికి ఏమవుతుందో నేను దగ్గరనుంచి చూశాను. అదే చెబుతాను.

మాది కరీంనగర్ జిల్లాలో, హుస్నాబాద్ అవతల ఒక చిన్న ఊరు. మా వాడంతా నేతవాళ్లే. బాపు గుంటమగ్గం మీద నేసేవాడు. అన్న చేతికి పని వచ్చేసరికి కరెంటు మగ్గాలు వచ్చాయి, వాటిని మావాళ్లు సాంచాలు అంటారు. ఏ మగ్గమైనా సరే, ఆ చప్పుడు మీద మాట వినపడాలంటే అరవాల్సిందే. నా గొంతు అక్కడే బొంగురుపోయింది, మళ్లీ బాగుపడలేదు.

పెళ్లయ్యాక నా భర్త మగ్గం వదిలేసి బెల్లంపల్లి బొగ్గు బాయిలో చేరాడు. అరవై తొమ్మిది తెలంగాణ గొడవల ఏడాదిలోనే మేము అక్కడికి వెళ్లాం. కొన్నేళ్లకు కామెర్లు వచ్చి ఆయన పోయాడు. నాకు ఒక్కతే కూతురు. క్వార్టర్ ఖాళీ చేసి, రైలు పట్టాల పక్కన ఒక గది తీసుకున్నాను. చదువు లేదు, బాయిలోకి ఆడవాళ్లను దించరు. మరి ఏం తినాలి?

నాకు తెలిసింది బట్ట. పెద్దపల్లి దాకా రైలు, అక్కడినుంచి బస్సు పట్టుకుని మా ఊరికి పోయేదాన్ని. అన్న నేసిన తువ్వాలలు మూట కట్టుకుని తెచ్చి, క్వార్టర్లలో వాకిలి వాకిలికీ తిరిగి అమ్మేదాన్ని. బాయిలో దిగే మనిషికి తువ్వాల లేకుండా జరగదు. తలకు చుట్టుకోవాలి, చెమట తుడుచుకోవాలి, సద్ది కట్టుకుని పోవాలి. ఆ మూట మీదే నేనూ నా బిడ్డా బతికాం. అది పోతే మాకు వేరే దారి లేదు.

మా వాడలో ఏ ఇంటి తువ్వాలకు ఆ ఇంటి గుర్తు ఉండేది, అంచు దగ్గర. మా ఇంటిది రెండు ఆకుపచ్చ పోగులు. బాపు పెట్టిన గుర్తు అది. సంతలో ఎవరి భుజం మీద ఆ రెండు పోగులు కనిపించినా, "గది మాది" అని నాకు లోపల గర్వంగా ఉండేది.

ఒకరోజు క్వార్టర్ల లైనులో ఓవర్‌మన్ గారి భార్య నన్ను పిలిచింది. ఓవర్‌మన్ అంటే బాయి లోపల కూలీల చేత పని చేయించే ఆఫీసరు. వాళ్లది కోస్తా వైపు. ఆమె నా దగ్గర కొన్న తువ్వాలను రెండు చేతులతో పట్టుకుని, వాకిట్లో ఎండకు అడ్డంగా ఎత్తింది. ఆ తువ్వాల వెనక ఆమె ముఖమంతా కనిపించింది, ముక్కుపుడకతో సహా.

"ఏమ్మా, ఇదేం బట్ట? ఒక్క ఉతుక్కే ఇలా అయింది. మా ఆయన ఒళ్ళు తుడుచుకుంటుంటే వేళ్ళు ఇవతలికి వస్తున్నాయి. గంజి దట్టంగా పట్టించి అంటగట్టడమేగా! మీ సాలెవాళ్ళంతా ఇంతేనటగా?"

ఆమె చాలా మాటలు అంది. నా చెవికి ఎక్కింది ఆఖరి మాట ఒక్కటే. తువ్వాల నా కళ్ల ముందే ఉంది, కానీ దాన్ని నేను చూడనే లేదు.

"ఏందమ్మా, మీవాళ్లు మీవాళ్లంటున్నరు? మీ దిక్కు నేసేటోళ్లు లేరా? గాళ్ల దగ్గర్నే తెచ్చుకోకపోయిన్రు! మీ దిక్కుకెల్లి గీడికొచ్చే ఊరగాయ డబ్బాలల్ల పైన నూనె, కింద ఉప్పు. గది తిని మేమెవ్వలమన్న మీ అందర్ని దొంగలన్నమా?"

ఆమె తువ్వాల దించి నా వైపు వింతగా చూసింది. "నేను తువ్వాల గురించి చెబుతుంటే నువ్వు ఊరగాయ అంటావేమిటి?"

ఈ అరుపులు విని పక్క క్వార్టర్ ఆమె తలుపు దగ్గరికి వచ్చింది. ఆమెది జగిత్యాల వైపు, మా జిల్లా మనిషే. ఆమె నవ్వుతూ, "గట్లనే అడుగు అక్కా! జర గట్టిగ అడుగు!" అంది. నాకు ఇంకా ఊపొచ్చింది. పాత తువ్వాల తీసుకుని, మూటలోంచి ఇంకొకటి అరుగు మీద పడేసి, గెలిచినదానిలా నడిచి వచ్చేశాను.

లైను చివర మలుపు దాటాక ఆ పక్క క్వార్టర్ ఆమె వెనక నుంచి వచ్చి నా కొంగు పట్టుకుంది.

"అక్కా, నువ్వు కోపం జేస్కోవద్దు గని, నాది గూడ గట్లనే అయింది. మా ఆయన దాన్ని నా మీద పడేసి, చాయ వడగట్టుకో పో అన్నడు."

"మరి ఆడ జెప్పకపోతివి గదనే? ఆడ నన్ను ఎగేస్తివి!"

"ఆమె ముంగట ఎట్ల జెప్త అక్కా? మనం మనం గద."

ఇంటికి వచ్చాక ఆ తువ్వాలను కిటికీకి అడ్డంగా కట్టి చూశాను. గంజి సంగతి నాకు తెలియనిది కాదు. కొత్త బట్ట బిర్రుగా ఉండాలని అందరూ పెడతారు. కానీ అడ్డంగా వేసే పేక పోగులు ఇంత ఎడంగా వేస్తున్నారని తెలియదు. పోగుకూ పోగుకూ మధ్య నా చిటికెన వేలి గోరు దూరింది. బట్ట సగం, గంజి సగం. కింద అంచు దగ్గర రెండు ఆకుపచ్చ పోగులు. అవి చూశాక ఇక ఎవరితో కొట్లాడాలి?

ఆ తువ్వాల పట్టుకుని ఊరికి పోయాను. అన్న సాంచా ఆపి బయటికి వచ్చాడు. జరిగింది చెప్పాను. అతను తువ్వాల వైపు చూడలేదు.

"ఎవ్వలన్నరు?" అన్నాడు.

"ఓవర్‌మన్ పెండ్లాం."

"ఏ ఊరామె?"

"ఆంధ్రామె."

"గదీ!" అని తొడ చరుచుకున్నాడు. ఆ ఒక్క మాటతో ముఖం తేటపడింది. "గాళ్లు మనల్ని మంచిగెప్పుడన్నరు చెల్లె? ఆమె మాట పట్టుకొని గింత దూరం వచ్చినవా?"

వదినె నీళ్ల చెంబు ఇస్తూ అందుకుంది. "మనం మాట్లాడితేనే గాళ్లకు నవ్వొస్తది. మన బట్టేం నచ్చుతది?"

"పక్కింటామె గూడ అన్నది వదినె. ఆమెది మన జగిత్యాల దిక్కే."

"ఏమోళ్లు?" అన్నాడు అన్న.

"కాపోళ్లు."

"ఆఁ, భూములున్నోళ్లు! మగ్గం కష్టం గాళ్లకేం తెలుసు?"

నాకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. తువ్వాల విప్పి అతని ముఖానికి అడ్డం పట్టాను. "సరె, గాళ్లు గాదు, నేనంటున్న. నేను ఎవ్వలోళ్లను? నేనే జాతి? గిది జూసి చెప్పు."

తువ్వాల అవతల అన్న ముఖం కనిపిస్తూనే ఉంది. దాన్ని చేత్తో పక్కకు నెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నువ్వు బొగ్గు బాయి దిక్కు పోయినంక మారినవే. గాళ్ల మాటలే మాట్లాడుతున్నవ్."

అదీ సంగతి. ఓవర్‌మన్ భార్యది మా ప్రాంతం కాదు, పక్కింటామెది మా కులం కాదు, ఇప్పుడు నేను మా ఊరిదాన్ని కాదు. ఇక ఆ తువ్వాల తప్పు చెప్పడానికి లోకంలో హక్కున్న మనిషి మిగల్లేదు.

అన్న బాధ నాకు తెలియక కాదు. కాసేపటికి అతనే చెప్పుకున్నాడు. నూలిచ్చి కూలికి నేయించుకునే సావుకారి తూకం తక్కువ ఇస్తాడు, తువ్వాలలు మాత్రం ఎప్పటిలా అన్నీ రావాలంటాడు. నాకిచ్చేవి కూడా కూలి కింద పట్టుకున్న ఆ తువ్వాలలే. "పేక పలచన జెయ్యకుంటె ఎట్లెల్లుతదే? గంజి తగ్గిస్తె, పక్కోని తువ్వాల పక్కన నాది పీలగ కనపడ్తది. నేనొక్కన్ని మంచోన్నైతె మునిగేది నేనే."

"నిజమే అన్నా. గని ఆమె చేతికొచ్చింది తువ్వాల, నీ కష్టం గాదు. ఆమెకెట్ల దెలుస్తది?"

అతను లేచి వెళ్లి సాంచా ఆన్ చేశాడు. ఆ చప్పుడులో ఇక మాట్లాడడం లేదని దాని అర్థం.

మా మాటలు గోడ దాటాయి. తెల్లారి మార్కండేయ గుడి ముందు కులం కూర్చుంది. మామూలుగా పెళ్లి తగాదాలకు, పండుగ చందాలకు కూర్చుంటారు. ఆ రోజు నా కోసం కూర్చున్నారు. అన్న తల దించుకుని ఒక మూలకు కూర్చున్నాడు. నేను స్తంభం పక్కన నిలబడ్డాను. తువ్వాల చేతిలోనే ఉంది, అంచు కనిపించకుండా లోపలికి మడిచి పట్టుకున్నాను.

కులపెద్ద గొంతు సవరించుకున్నాడు. "బాయిల కాడ మన ఇజ్జత్ తీస్తున్నదట గీమె. ముండమోసిన ఆడిది, ఏదో బతుకుతది తియ్యి అని బట్టలిస్తె, మన బట్టకే వంకలు. రేపటిసంది ఎవ్వలు గీమెకు బట్ట ఇయ్యద్దు. ఏమంటరు?"

ఎవరూ కాదనలేదు. బెల్లంపల్లిలో నా బిడ్డను పక్కింట్లో వదిలి వచ్చాను. ఖాళీ చేతులతో పోతే దానికి ఏం చెప్పాలి? కానీ నా గొంతు సంగతి చెప్పాను కదా, భయపడినా అది పెద్దగానే వస్తుంది.

"పెద్దబాపూ, బెల్లంపల్లిల నేను మిమ్ముల ఒక్క మాట అననియ్యలే. ఆఫీసరు పెండ్లాం మీదికి కొట్లాటకు పోయిన. ఎవ్వలనన్న అడుగున్రి. ఈడ మాత్రం అంటున్న. మనింట్ల మనం అనుకోకుంటె యాడ అనుకుంటం?"

"యాడ అనొద్దు!" అన్నాడు ఆయన.

గుడి అరుగు మీద సావుకారి గుమస్తా కూర్చుని బీడీ తాగుతున్నాడు. నేసిన బట్ట ఎత్తుకుపోవడానికి పట్నం నుంచి వచ్చేవాడు, మావాడు కాదు. అంతవరకు తమాషా చూస్తూ ఉన్నవాడు పెద్దగా నవ్వాడు.

"కరెక్టు జెప్పింది గీమె. నేను ఎప్పటిసంది అంటలేనా? మీ జాతే గంత. నూలు మింగుడు, గంజి పూసుడు!"

అందరి మూతులూ ఒక్కసారే ముడుచుకున్నాయి. ఎవరైనా ఏదైనా అనేలోపే నా నోరు లేచింది.

"నువ్వెవనివయ్యా మా జాతి ముచ్చట చెప్పెటందుకు? నూలు మింగింది మేమా, మీ తరాజా? ముందుగాల నీ తూకం రాళ్లు తీస్కరా, గీడ అందరి ముంగట జూద్దాం!"

గుమస్తా బీడీ తీసి నా వైపు అమాయకంగా చూశాడు. "అరె, నువ్వన్నదే గదనమ్మా నేనన్న!"

"నేనంటె రేపు బట్ట మంచిగైతది. నువ్వంటె రేపు మా కూలి కోస్తవ్. రెండొక్కటా?"

వెనక వరసలో ఎవరో ఈల వేశారు. నవ్వులు లేచాయి. "తూకం రాళ్లు ఏడున్నయే గుమస్తా?" అని ఒకడు, "బండి పైసలు ఇయ్యాల్నా, తీస్కరాపో" అని ఇంకొకడు. అతను బీడీ నేలకు రాసి, "సావుకారికి జెప్త" అనుకుంటూ లేచి వెళ్లాడు.

కులపెద్ద నన్ను చూసిన చూపు మారింది. "కూసో బిడ్డా" అన్నాడు. ఇప్పుడే ముండమోసినదాన్ని, ఇంతలోనే బిడ్డనయ్యాను. ఆ కాసేపట్లో నాకు కొత్త తెలివి రాలేదు, తువ్వాల మందం కాలేదు. మావైపు నిలబడి బయటివాడిని తిట్టాను, అందుకే నా మాటకు చెవులు దొరికాయి. గుమస్తా నవ్వకపోయి ఉంటే నా మూట ఆ రోజే పోయేది. అది న్యాయమా కాదా అని అప్పుడు ఆలోచిస్తూ కూర్చోలేదు. చెవులు తెరుచుకున్నప్పుడే చెప్పాలని చెప్పాను.

"నన్ను మా అన్న తువ్వాలలు ఉతికి అమ్ముకోనియ్యున్రి పెద్దబాపూ."

మళ్లీ గోల. మా వాడలో నేసిన బట్టను నీళ్లలో ముంచి అమ్మడం అన్నది ఎవరూ ఎరగరు.

"నీళ్లు తగిలింది కొత్తబట్టెట్లయితదే? పెండ్లిల పెడ్తరా, దేవునికి పెడ్తరా?"

"పెండ్లికి గాదు, బాయికి. గంజి తువ్వాల చెమట పీల్చది. బాయిలోళ్లు కొత్తది కొంటె ముందుగాల ఉతికినంకనే కట్టుకుంటరు. గా ఉతుకుడేదో మనమే ఉతుకుదాం. నాసిదైతె మన వాకిట్లనే బయటపడ్తది, వేరేటోళ్ల వాకిట్ల గాదు."

కులపెద్ద చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. చివరికి, "మీ అన్న గుర్తు మీద చేసుకో. వేరేటోళ్ల గుర్తులు ముట్టద్దు" అన్నాడు. అంటే బాగుపడితే అందరిదీ, బద్నాం అయితే మాది. అయినా సరే అన్నాను. నా మూట నాకు మిగిలింది.

దారిలో అన్న ముందు నడుస్తూ వెనక్కి తిరగకుండానే అన్నాడు. "అందరి ముంగట నన్ను బద్నాం జేసినవ్."

"నీ పేరు తీసిననా అన్నా? అంచు గూడ చూపియ్యలే."

అతను ఆగాడు. నా చేతిలోని తువ్వాల తీసుకుని, మడత విప్పి, ఆ రెండు పోగులు చూసి, మళ్లీ మడిచి తన భుజం మీద వేసుకున్నాడు.

తర్వాత ఒక సాంచా మీద సావుకారి నూలు కాకుండా సొంత నూలు ఎక్కించాడు. పేక దగ్గరగా వేశాడు. వదినె గొణుగుతూనే నాతో కలిసి వాటిని ఉతికింది. వాడలో ఈ చివర నుంచి ఆ చివరకు తాడు కట్టి ఆరేశాం. కొత్త బట్ట ఉతికి ఆరేయడం చూడ్డానికి పిల్లలూ ముసలివాళ్లూ వచ్చి నిలబడ్డారు, పీనుగును చూసినట్టు. అన్న వచ్చి ఒక్కొక్క తువ్వాల వెనక సూర్యుణ్ణి చూసుకుంటూ నడిచాడు. కొన్ని తనే పీకి పక్కన పడేశాడు. తన చేతితో తనే పీకుతున్నప్పుడు మధ్యలో చెల్లెలెందుకు?

రైలులో మూట మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఓవర్‌మన్ భార్య గురించి ఆలోచించాను. గుమస్తా మమ్మల్ని అన్నాడంటే అతనికి లాభం ఉంది. ఆమెకు ఏం లాభం? మా కూలి కోసే పని ఆమెకు లేదు. ఒళ్లు తుడుచుకునే తువ్వాల కావాలి, అంతే. బెల్లంపల్లిలో దిగిన మరునాడు మొదట ఆమె వాకిట్లోకే పోయాను.

"మళ్ళీ వచ్చావా? ఈసారి ఏం తెచ్చావు, ఊరగాయా?" అంది.

"తువ్వాలలే అమ్మగారూ. ఎత్తి చూడున్రి."

ఎత్తింది. ఈసారి ముక్కుపుడక కనపడలేదు, గొంతు మాత్రం వినపడింది.

"ఇది మీవాళ్ళదేనా? నిజం చెప్పు. షోలాపూర్ నుంచి తెప్పించావు కదూ?"

"షోలాపూర్ల నేసేటోళ్లు గూడ మావాళ్లే అమ్మగారూ. శానమంది గీడికెల్లి పోయినోళ్లే. గని గిది మా ఊరిదే."

తువ్వాల దించి నా వైపు మెచ్చుకోలుగా చూసింది. "నువ్వు మంచిదానివమ్మా. మీవాళ్ళందరిలాంటిదానివి కావు."

ఆమె ప్రేమగానే అంది. నాకు మాత్రం మొదటి తిట్టు కంటే ఈ మెప్పే గట్టిగా తగిలింది. మా అన్న నన్ను మావాళ్లలోంచి తీసి బొగ్గు బాయి వైపు వేశాడు. ఈమె నన్ను మావాళ్లలోంచి తీసి మంచివాళ్ల వైపు వేస్తోంది. నేను నిలబడ్డ చోటే నన్ను ఉండనిచ్చేవాళ్లు ఎవరూ లేరా?

"గట్లనకున్రి అమ్మగారూ. అంచు జూడున్రి. రెండు పచ్చ పోగులు. మీరు నాకు తిరిగిచ్చిన దాని మీద గూడ గవ్వే ఉండె. గది నేసింది మా అన్ననే, గిది నేసింది మా అన్ననే. గా పలచటిది మాదే, గీ మందంది మాదే. నేను మావాళ్ల లెక్కనే."

ఆమె అంచు పట్టుకుని చూసింది. "అయితే నేను ఆ రోజు అన్నది తప్పంటావా?" అంది.

"తువ్వాల గురించి అన్నది తప్పు గాదు."

"మిగతాది?"

"మిగతాది మీరే సోంచాయించున్రి."

ఆలోచించుకోమన్న ఆ మాట ఆమెకు అర్థమైందో లేదో కానీ నవ్వింది. తర్వాత తువ్వాల తీసుకుని పెరటి వైపు నడిచింది, బకెట్ దగ్గరికి.

"ఉతికిందేనమ్మగారూ!"

"నమ్ముతాను. అయినా చూస్తాను."

"మంచిగ చూడున్రి" అని నేను అరుగు మీద కూర్చున్నాను.

ముంచి, పిసికి, పిండింది. గంజి ఉంటే నీళ్లు పాలలా మారతాయి. బకెట్ అడుగు స్పష్టంగా కనిపిస్తోంది. ఆమె తడి తువ్వాల దులిపి మళ్లీ ఎండకు పట్టింది, ఆ తర్వాత మెల్లగా తీగ మీద వేసింది.

"ఇంట్లో మనిషికొకటి ఇవ్వు. లైనులో నేను కూడా చెబుతాను. కానీ ఆ ఊరగాయ మాట మాత్రం నువ్వు వెనక్కి తీసుకోవాలి."

"ఎట్ల తీసుకుంట అమ్మగారూ? పైన నూనె, కింద ఉప్పు, నేను తిన్నదే గద. మీ అందర్ని అన్నది మాత్రం తీసుకుంట."

"ఆ ఊరగాయ కంపెనీవాడు మా ఊరివాడే, దొంగ వెధవ" అంది ఆమె గొంతు తగ్గించి.

నేను మూట ముడి విప్పాను.